వెలుగులో ఎంత, కంటిలో ఎంత? – రంగులపై పాఠకుల ప్రశ్నలు

గత నెల ఈ శీర్షికలో సబ్బు బుడగ మీద మెరిసే రంగుల గురించి రాసిన జవాబు చదివి, రంగులను గురించే చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో ఎనిమిదింటికి ఈసారి సమాధానం చెబుతున్నాను. కొన్నింటికి కాస్త ఎక్కువ స్థలం తీసుకున్నాను, ఆ ప్రశ్నల లోతు అలాంటిది.

ప్రశ్న: ఆడపడుచు పెళ్లికి కొన్న పట్టుచీరను జనరల్ బజారులో ఒక మ్యాచింగ్ సెంటరుకు తీసుకువెళ్లి, గంటసేపు వెతికించి జాకెట్టు గుడ్డ ఎంచుకున్నాను. దుకాణంలో రెండూ అచ్చంగా ఒకే నెమలికంఠం రంగు. ఇంటికి వచ్చి ఎండలో పరిచి చూస్తే చీర నీలం వైపు, గుడ్డ ఆకుపచ్చ వైపు జరిగాయి. దుకాణదారు మోసం చేశాడా, లేక నా కంటిలోనే ఏదైనా లోపం ఉందా?
– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: మోసమూ లేదు, లోపమూ లేదు. మన కన్ను రంగును ఎలా లెక్కగడుతుందో మీ చీర, జాకెట్టు గుడ్డ కలిసి మీకు చూపించాయి.

సూర్యుడి తెల్లని వెలుగులో అనేక తరంగదైర్ఘ్యాలు, అంటే వేర్వేరు పొడవులున్న వెలుగు అలలు, కలిసి ఉంటాయి. వాటిలో సుమారు 380 నుంచి 750 నానోమీటర్ల వరకు ఉన్న భాగాన్నే మన కన్ను పట్టుకోగలదు. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షల వంతు. బట్టకు అద్దిన రంగు ఆ వెలుగులో కొంత మింగేసి, కొంత తిప్పి పంపుతుంది. 450 దగ్గర ఎంత తిరిగివచ్చింది, 500 దగ్గర ఎంత, 600 దగ్గర ఎంత అని పద్దు రాస్తే అది చాలా పొడుగైన చిట్టీ అవుతుంది. ఆ చిట్టీని కన్ను వివరంగా చదవదు. కంటి లోపలి వెనక పొర అయిన రెటీనాలో రంగు చూపునిచ్చే శంకు కణాలు మూడు రకాలు: ఒకటి 420–440 నానోమీటర్ల ప్రాంతంలో, రెండవది 530 దగ్గర, మూడవది 560 దగ్గర అత్యంత చురుకుగా స్పందిస్తాయి. తమ మీద పడిన కాంతి ఏ తరంగదైర్ఘ్యానిదో ఇవి మెదడుకు చెప్పలేవు, ఎంత పట్టుకున్నామో అంతవరకే చెప్పగలవు. అందువల్ల అంత పొడుగు చిట్టీ కాస్తా మూడు మొత్తాలుగా మిగులుతుంది.

రెండు ఇళ్లవాళ్లు ఒకే కిరాణా కొట్టులో వేర్వేరు సరుకులు కొన్నా ఇద్దరి చిట్టీల మొత్తం ఒకటే కావచ్చు. అడుగున ఉన్న మొత్తాన్ని మాత్రమే చూసేవారికి ఎవరు కందిపప్పు కొన్నారో, ఎవరు నూనె కొన్నారో తెలియదు. మీ చీరకు వాడిన రంగు ఒకటి, జాకెట్టు గుడ్డకు వాడినది మరొకటి, అద్దకం తీరూ వేరే. దుకాణం దీపం కింద ఆ రెండింటి మూడు మొత్తాలూ సరిపోయాయి, మీ కన్ను వాటిని ఒకే రంగు అన్నది. ఎండలోకి రాగానే కొట్టులో ధరల పట్టిక మారినట్టయింది. సరుకులు అవే అయినా ధరలు మారితే మొత్తాలు వేరైపోతాయి కదా, ఇక్కడ జరిగిందీ అదే.

దుకాణాల్లో ఇప్పుడు ఎక్కువగా ఉండే తెల్లని ఎల్‌ఈడీ దీపంలో నిజానికి వెలిగేది 450 నానోమీటర్ల ప్రాంతపు నీలి కాంతి. దాని మీద పూసిన పసుపు పూత ఆ నీలంలో కొంత భాగాన్ని పసుపు కాంతిగా మారుస్తుంది, రెండూ కలిసి తెల్లగా కనిపిస్తాయి. అయితే ఆ తెలుపులో 480 నానోమీటర్ల దగ్గర ఒక పల్లం ఉంటుంది, ముదురు ఎరుపు కూడా తక్కువే. నెమలికంఠం రంగు తేడాలు బయటపడేది సరిగ్గా ఆ పల్లం ఉన్నచోటే. పాత ట్యూబ్‌లైట్లలో కాంతి కొన్ని తరంగదైర్ఘ్యాల దగ్గర గుట్టలుగా పోగుపడి ఉంటుంది కాబట్టి వాటి కింద కూడా ఇలాంటి పొరపాటు జరుగుతుంది.

మన అమ్మమ్మలు బట్ట కొనేముందు దాన్ని దుకాణం గుమ్మం దాకా తెచ్చి వెలుతురులో తిప్పి చూసేవారు. దానికంటే మంచి పరీక్ష నాకు తెలియదు. ఇంటికి దీపం కొనేటప్పుడు డబ్బా మీద సీఆర్‌ఐ అనే సంఖ్య చూడండి. అది 100కు ఎంత దగ్గరగా ఉంటే రంగులు అంత నమ్మకంగా కనిపిస్తాయి, మామూలు ఎల్‌ఈడీలకు 80 ప్రాంతంలో ఉంటుంది. చీరతోపాటు నేసి ఇచ్చే జాకెట్టు ముక్కతో ఈ చిక్కు ఎన్నడూ రాదు, ఎందుకంటే దాని చిట్టీలోని సరుకులు కూడా చీరవే. ఇక మీరు కొన్న గుడ్డను పారేయనక్కరలేదు. పెళ్లి రాత్రి ముహూర్తానికైతే, మంటపంలో వెలిగే దీపాల్లాంటి దీపం కింద రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒకసారి చూడండి.

ప్రశ్న: వాన వెలిశాక నెక్లెస్ రోడ్డు మీద నుంచి సాగర్ మీదుగా తూర్పున సింగిడి చూశాం. మా అమ్మాయి ఏడు రంగులు లెక్కపెట్టబోయి నాలుగు దగ్గర ఆగిపోయింది. పుస్తకంలో ఏడని ఉంది, ఎవరిది తప్పు?
– ఒక పాఠకుడు, ఖైరతాబాద్

జవాబు: అమ్మాయి లెక్కలో తప్పు లేదు. పుస్తకం చెప్పే ఏడు న్యూటన్ ఎంచుకున్న ఏడు.

ఐజాక్ న్యూటన్ 1666 ప్రాంతంలో కిటికీ తలుపుకు చేసిన చిన్న రంధ్రం గుండా ఎండను గదిలోకి రానిచ్చి, దాన్ని గాజు పట్టకం మీద పడనిచ్చి, ఎదుటి గోడ మీద పరుచుకున్న వర్ణపటాన్ని పరిశీలించాడు. ఆ రంగులను గాజు పుట్టించడం లేదనీ, తెల్లని వెలుగులో అవి ముందునుంచే ఉన్నాయనీ, పట్టకం వాటిని విడదీస్తోందనీ నిరూపించి 1672లో ప్రకటించాడు. మొదట అయిదు ముఖ్యమైన రంగులనే పేర్కొన్నవాడు, తర్వాత నారింజను, ఇండిగోను చేర్చి ఏడు చేశాడు. సంగీతంలోని ఏడు స్వరాలతో వర్ణపటానికి పోలిక ఉంటుందని ఆయన గట్టిగా నమ్మాడు. ఆ ఇండిగో అన్న పేరు మన దేశపు నీలిమందు నుంచి వచ్చింది. గ్రీకులు ఆ రంగును భారతదేశపు వస్తువు అనే అర్థంలో పిలిచిన మాటే అలా మారింది.

సింగిడిలో గీతలు లేవు. 700 నుంచి 400 నానోమీటర్ల దాకా తరంగదైర్ఘ్యం ఎక్కడా తెగకుండా మారుతూ పోతుంది, ఎరుపు ఇక్కడితో ఆగి నారింజ మొదలైందని చెప్పే సరిహద్దు ప్రకృతిలో లేదు. పట్టీలుగా విడగొట్టేది మన చూపు, పేర్లు పెట్టేది మన భాష. మన తెలుగునే చూడండి. పచ్చని చేను అంటాం, పచ్చకామెర్లు అంటాం. మొదటిది ఆకు రంగు, రెండవది పసుపు రంగు. తేడా చెప్పవలసి వచ్చినప్పుడు ఆకుపచ్చ, పసుపుపచ్చ అని ముందొక మాట చేరుస్తాం. ఆకునూ పసుపునూ ఒకే పచ్చ కిందకు తెచ్చిన మనవాళ్లకు వాటి తేడా కనిపించక కాదు, ఆ రెండింటి మధ్య ఉన్న పొత్తు కూడా కనిపించినందువల్ల. ఈ విషయం నాకు చాలా ఇష్టమైనది.

న్యూటన్ స్వరాల పోలిక గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అది సరిగ్గా ఎక్కడ విఫలమవుతుందో అక్కడే కంటి రహస్యం ఉంది. హార్మోనియం మీద షడ్జమాన్నీ పంచమాన్నీ కలిపి నొక్కితే చెవి రెండింటినీ విడివిడిగా వింటుంది. ఎరుపు కాంతినీ ఆకుపచ్చ కాంతినీ ఒకే చోట కలిపి వేస్తే కంటికి ఆ రెండూ కనిపించవు, మూడవదైన పసుపు కనిపిస్తుంది. 580 నానోమీటర్ల దగ్గర ఉన్న అసలైన పసుపు కాంతికీ, ఈ కలిపిన పసుపుకూ కన్ను తేడా పట్టలేదు. మీ ఫోను తెర మీద పసుపు బొమ్మ పెట్టి, వేలితో చిన్న నీటిబొట్టు దాని మీద వేసి చూడండి. బొట్టు భూతద్దంలా పనిచేసి, అక్కడ ఎర్ర చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు మాత్రమే వెలుగుతున్నట్టు, పసుపు చుక్క ఒక్కటీ లేనట్టు చూపిస్తుంది. ఫోను, టీవీ తెరలన్నీ కంటికున్న ఈ గుణం మీదే ఆధారపడి నడుస్తున్నాయి.

మళ్లీ సింగిడి కోసం చూసేటప్పుడు సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని నిలబడమని అమ్మాయికి చెప్పండి. ఎరుపు ఎప్పుడూ విల్లు వెలుపలి అంచున, ఊదా లోపలి అంచున ఉంటాయి. నాలుగే కనిపిస్తే నాలుగనే రాసుకోమనండి.

ప్రశ్న: రాణీ రంగు ఏ తరంగదైర్ఘ్యానికి చెందుతుంది?
– ఒక డిగ్రీ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఏ తరంగదైర్ఘ్యానికీ చెందదు. వర్ణపటం ఒక చివర ఎరుపు, మరొక చివర ఊదా ఉంటాయి. ఈ రెండు చివరల కాంతులూ ఒకేసారి కంట్లో పడి, మధ్యలోని ఆకుపచ్చ ప్రాంతం లోపించినప్పుడు మెదడు కల్పించే రంగు అది. న్యూటన్ తన వర్ణపటాన్ని వంచి చక్రంగా గీసినప్పుడు రెండు చివరలూ కలిసే చోట ఇలాంటి రంగులకే చోటిచ్చాడు. సింగిడిలో ఎంత వెతికినా మీకు రాణీ రంగు దొరకదు.

కాఫీపొడి రంగుదీ ఇలాంటి కథే. చుట్టూ ఉన్న వాటికంటే తక్కువ వెలుగునిచ్చే నారింజ రంగునే మనం కాఫీపొడి రంగుగా చూస్తాం. చీకటి గదిలో అలాంటి రంగు కాగితం ముక్క ఒక్కదాని మీద మాత్రమే బలమైన వెలుగు పడేలా చేస్తే, పోల్చుకోవడానికి పక్కన ఏమీ లేక, అది నారింజగా మారిపోతుంది.

ప్రశ్న: చిన్న తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని గాలి ఎక్కువగా చెదరగొడుతుందంటారు. అలాగైతే నీలం కంటే చిన్నదైన ఊదా రంగులో ఆకాశం ఉండాలి కదా?
– ఒక ఉపాధ్యాయుడు, ఉప్పల్

జవాబు: మంచి ప్రశ్న. గాలిలోని అణువులు వెలుగును చెదరగొట్టే తీరును 1871లో లార్డ్ రేలీ లెక్కగట్టాడు. ఆ లెక్క ప్రకారం చెదరడం తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది, అంటే 400 నానోమీటర్ల కాంతి 700 నానోమీటర్ల కాంతి కంటే తొమ్మిది రెట్లకు పైగా చెదురుతుంది. ఈ లెక్కతోనే ఆగిపోతే మీరన్నట్టు ఆకాశం ఊదాగా ఉండాలి.

అయితే సూర్యుడి వెలుగులో ఊదా భాగం నీలం కంటే తక్కువ, పై వాతావరణంలో కొంత ఇంకిపోతుంది కూడా. అన్నిటికంటే ముఖ్యమైన కారణం మన కంట్లో ఉంది. ఆకాశం నుంచి ఊదా ఒక్కటే రావడం లేదు. ఊదా, నీలం, కొంత ఆకుపచ్చ, ఇంకా తక్కువ పాళ్లలో మిగిలినవన్నీ వస్తున్నాయి. ఆ మొత్తం మిశ్రమం మూడు రకాల శంకు కణాల్లో కలిగించే స్పందన, స్వచ్ఛమైన నీలంలో కాస్త తెలుపు కలిపితే కలిగే స్పందనకు సరిపోతుంది. మొదటి జవాబులోని చిట్టీల మొత్తం వంటిదే ఇదీ. అతినీలలోహితాన్ని కూడా చూడగల తేనెటీగకు ఇదే ఆకాశం మరోలా ఉంటుంది.

మీ విద్యార్థులకు సి.వి.రామన్ సంగతి కూడా చెప్పండి. సముద్రపు నీలిమ ఆకాశపు ప్రతిబింబమేనన్న రేలీ మాటను ఆయన 1921లో ఓడ ప్రయాణంలో స్వయంగా పరీక్షించి, నీరు కూడా వెలుగును చెదరగొడుతుందని తేల్చాడు. ఆ దారిలోనే సాగి 1928 ఫిబ్రవరి 28న రామన్ ఫలితాన్ని చేరుకున్నాడు, 1930లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆయన చిన్ననాటి చదువు మన విశాఖపట్నంలోనే సాగింది.

ప్రశ్న: అయిదో తరగతి చదువుతున్న మా బాబు చెట్టు బొమ్మ వేసి ఆకులకు కాఫీపొడి రంగు, మానుకు ఆకుపచ్చ వేశాడు. తరగతిలో అందరి ముందూ నిలబెట్టి కోప్పడ్డారట. అప్పటినుంచి రంగు పెన్సిళ్లు ముట్టుకోవడం లేదు. అశ్రద్ధా, కంటి జబ్బా?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: అమ్మా, ముందుగా బాబును దగ్గరకు తీసుకుని నువ్వు తప్పు చేయలేదని చెప్పండి. వైద్యుడి పరీక్ష తర్వాత జరగవచ్చు, ఈ మాట మాత్రం ఇవాళే చెప్పాలి.

మీరు వర్ణించినదాన్ని బట్టి బాబుకు ఎరుపు, ఆకుపచ్చల మధ్య తేడా పట్టడంలో పుట్టుకతో వచ్చిన ఇబ్బంది ఉండే అవకాశం ఉంది. పుస్తకాల్లో దీనికి వర్ణాంధత్వం అనే పేరు ఉంది. అంధత్వం అన్న మాట నాకు నచ్చదు, ఎందుకంటే ఈ పిల్లలు నీలాన్నీ పసుపునూ చక్కగా చూస్తారు, చూపు పదును కూడా అందరిలాగే ఉంటుంది. మూడు రకాల శంకు కణాల్లో ఒక రకం లేకపోవడమో, దాని స్పందన పక్క రకానికి మరీ దగ్గరగా జరగడమో దీనికి కారణం. 530, 560 ప్రాంతాల్లో స్పందించే కణాల జన్యువులు రెండూ ఎక్స్ క్రోమోజోము మీద పక్కపక్కనే ఉంటాయి, పైగా ఒకదానికొకటి ఎంతో పోలిక. అందువల్ల తరం నుంచి తరానికి అందేటప్పుడు అవి తారుమారు కావడం సులభం. మగపిల్లలకు ఎక్స్ క్రోమోజోము ఒక్కటే ఉంటుంది, దానిలో మార్పు వస్తే సరిచేయడానికి రెండవది ఉండదు. యూరప్ సంతతి పురుషుల్లో సుమారు 8 శాతం మందికి, స్త్రీలలో అర శాతం మందికి ఇది ఉంటుంది. బాబుకు ఈ క్రోమోజోము మీ నుంచి వచ్చింది కాబట్టి మీ తండ్రిగారికో సోదరులకో కూడా ఇలాంటి చూపే ఉండి, ఎవరూ గమనించి ఉండకపోవచ్చు. ఇది ఎవరి తప్పూ కాదు.

పరమాణు సిద్ధాంతం చెప్పిన జాన్ డాల్టన్‌కు ఇదే చూపు ఉండేది. 1794లో దాని గురించి మొదటి శాస్త్రీయ వ్యాసం రాసిందీ ఆయనే. తన కంటిలోని ద్రవం నీలంగా ఉండి ఎర్ర కాంతిని మింగేస్తోందని ఊహించి, మరణానంతరం తన కళ్లను పరీక్షించమని కోరాడు. 1844లో కోసి చూస్తే ఆ ద్రవం స్వచ్ఛంగానే ఉంది. భద్రపరచిన ఆ కంటి కణజాలం నుంచి 1995లో డీఎన్‌ఏ తీసి చూసినప్పుడు, 530 ప్రాంతపు శంకు కణాల జన్యువు ఆయనకు లేదని తేలింది.

నా సొంత అనుభవం ఒకటి ఇక్కడ చెప్పడం అవసరం. నేను భౌతికశాస్త్రం బోధించిన ఒక కళాశాల ప్రయోగశాలలో, ఒక విద్యార్థి విద్యుత్ నిరోధకాల (రెసిస్టర్ల) మీద వాటి విలువను తెలిపే రంగు పట్టీలను పదేపదే తప్పు చదివేవాడు. కాఫీపొడి రంగు పట్టీకి 1, ఎరుపుకు 2, ఆకుపచ్చకు 5 అని లెక్క; అతడు ఒకదాన్ని మరొకటిగా తీసుకుని, లెక్కంతా సక్రమంగా చేసి, జవాబు మాత్రం తప్పు తెచ్చేవాడు. శ్రద్ధ లేదని రెండుసార్లు నేనే మందలించాను. మూడోసారి అతడు నిరోధకాన్ని కిటికీ దగ్గరకు తీసుకువెళ్లి, కంటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూస్తుంటే అప్పుడు నాకు అర్థమైంది. ఆ రెండు మందలింపులు నేటికీ నన్ను బాధపెడతాయి. మీ బాబును కోప్పడినవారికి కూడా తెలియకనే అలా జరిగి ఉంటుంది, వారితో నెమ్మదిగా మాట్లాడండి.

ఏ కంటి వైద్యుడి దగ్గరైనా, మెహదీపట్నంలోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రిలో అయినా, జపాన్ వైద్యుడు షినోబు ఇషిహారా 1917లో ప్రచురించిన చుక్కల పలకలతో కొద్ది నిమిషాల్లో పరీక్ష చేస్తారు. దీనికి మందు గానీ పథ్యం గానీ లేదు; రంగు అద్దాల కళ్లజోళ్లు కొన్ని ఛాయల మధ్య తేడాను పెంచగలవు, లేని కణాన్ని తేలేవు. ఇంట్లో ప్రతి పెన్సిలు మీదా దాని రంగు పేరు తెలుగులో రాసి అంటించండి. నల్లబల్ల మీద తెల్ల, పసుపు సుద్దముక్కలనే వాడమని పంతులుగారిని అడగండి. ట్రాఫిక్ సిగ్నలులో ఎర్రదీపం పైన, ఆకుపచ్చది కింద ఉంటాయని స్థానాన్ని బట్టి నేర్పండి. ఈ లోపం తేలికపాటి నుంచి మధ్యస్థంగా ఉన్నవారికి డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం 2020లో నిబంధనలు సవరించింది. రైలు ఇంజను నడపడం వంటి కొన్ని ఉద్యోగాలకు మాత్రం రంగు చూపు పరీక్ష తప్పనిసరి, కనుక సంగతి ముందే తెలిసి ఉండడం మంచిది.

ఇతర పాఠకులకు ఒక హెచ్చరిక: అంతవరకు రంగులు బాగా కనిపించిన వ్యక్తికి హఠాత్తుగా ఎరుపు వెలిసినట్టు అనిపిస్తే అది పుట్టుకతో వచ్చినది కాదు. ముఖ్యంగా క్షయకు ఇథాంబ్యుటాల్ మాత్రలు వాడుతున్నవారు అలాంటి మార్పు గమనిస్తే ఆలస్యం చేయకుండా వైద్యుడికి చెప్పాలి.

ప్రశ్న: మా బాల్కనీలో మందారాలు సాయంకాలం చీకటిపడుతుండగా నల్లగా మారిపోతాయి, ఆకులు మాత్రం వెలుగుతున్నట్టు ఉంటాయి. ఎందుకు?
– ఒక పాఠకురాలు, సైనిక్‌పురి

జవాబు: ఆ కాసేపట్లో మీ కంట్లో కాపలా మారుతుంది. రెటీనాలో శంకు కణాలు 60 లక్షలుంటే, మసక వెలుతురులో పనిచేసే దండ కణాలు 12 కోట్ల దాకా ఉంటాయి. దండ కణాలన్నీ ఒకే రకం కాబట్టి అవి రంగు చెప్పలేవు. 500 నానోమీటర్ల ప్రాంతంలో అవి అత్యంత చురుకుగా ఉంటాయి, ఎర్ర కాంతి వాటికి దాదాపు కనిపించదు. అందుకే శంకు కణాలు వెనక్కి తగ్గగానే ఎర్ర మందారం నల్లబడుతుంది, ఆకులు తేలికగా పైకి తేలుతాయి. బొహీమియా శాస్త్రవేత్త పుర్కిన్యే 19వ శతాబ్దపు తొలి పాదంలో దీన్ని గమనించాడు. దీపం వేయకుండా అరగంట అక్కడే కూర్చుంటే దండ కణాలు పూర్తిగా అలవాటుపడతాయి. వాటిలోని కాంతిని పట్టే పదార్థం తయారవడానికి విటమిన్ ఏ కావాలి, దాని కొరతతో వచ్చేదే రేచీకటి.

ప్రశ్న: మా అమ్మగారికి వారం క్రితం కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఇప్పుడు తెల్ల గోడ, తెల్ల చీర అన్నీ నీలంగా ఉన్నాయంటున్నారు. కంగారుగా ఉంది.
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: నొప్పి, ఎర్రదనం, చూపు తగ్గడం, మెరుపులు, తెర కట్టినట్టు ఉండడం వంటివి లేకపోతే కంగారు పడకండి. అవి ఏ కొంచెం ఉన్నా అదే రోజు ఆపరేషన్ చేసిన వైద్యుడికి చూపించండి.

వయసు పెరిగేకొద్దీ కంటిలోని సహజ కటకం పసుపు రంగుకు తిరుగుతుంది, శుక్లం ముదిరితే తేనె రంగుకు వస్తుంది. ఆ పసుపు కటకం నీలి, ఊదా కాంతులను అడ్డుకుంటుంది. ఈ మార్పు ఏళ్ల తరబడి నెమ్మదిగా జరుగుతుంది కాబట్టి మెదడు ఎప్పటికప్పుడు సర్దుకుని, గోడను తెల్లగానే చూపిస్తూ వస్తుంది. ఇప్పుడు పసుపు కటకం తీసి స్వచ్ఛమైన కృత్రిమ కటకం పెట్టారు, నీలి కాంతి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. మెదడు మాత్రం ఇంకా పాత సర్దుబాటులోనే ఉంది. కొన్ని వారాల్లో, కొందరికి కొన్ని నెలల్లో, కొత్త వెలుగుకు అది అలవాటుపడుతుంది.

అమ్మగారిని ఒక కన్ను తర్వాత ఒక కన్ను మూసి అదే తెల్ల చీరను చూడమనండి. ఎడమకంటికి చీర మాసిన పసుపులోనూ, కుడికంటికి నీలి ఛాయలోనూ కనిపిస్తుంది. ఇన్నేళ్లూ తాను తెలుపనుకున్నది ఏ రంగులో ఉండేదో ఆమెకు అప్పుడు తెలుస్తుంది. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే కూడా 1923లో శుక్లం తీయించుకున్నాక రంగులు ఇలా మారి చాలా ఇబ్బంది పడ్డాడు.

ఆమె తరం వారికి ఈ సంగతిని వేరే దారిలో కూడా చెప్పవచ్చు. ఉతికి ఉతికి పసుపెక్కిన పంచెను తెల్లగా చేయడానికి బకెట్టు నీళ్లలో నీలిమందు కలిపేవారు కదా. పసుపెక్కిన బట్ట నీలాన్ని తక్కువగా తిప్పి పంపుతుంది. నీలిమందు మిగిలిన రంగులను కూడా కొంత మింగి మూడు మొత్తాలనూ సమం చేస్తుంది, కంటికి అది తెలుపు. మెదడు ఇన్నాళ్లూ అమ్మగారి చూపుకు అలాంటి నీలిమందే వేస్తూ వచ్చింది. బట్టలు శుభ్రపడ్డాక కూడా మందు వేయడం ఇంకా ఆపలేదు, అంతే.

ప్రశ్న: నాకు కనిపించే ఎరుపూ మా తమ్ముడికి కనిపించే ఎరుపూ ఒకటేనని ఎలా తెలుస్తుంది?
– ఒక ఇంటర్ విద్యార్థి, నాంపల్లి

జవాబు: అనుభవాన్ని తూచే త్రాసు లేదు, కానీ అనుభవానికి దారితీసే యంత్రాన్ని పోల్చి చూడవచ్చు. అలా చూసినప్పుడు ఆశ్చర్యం కలుగుతుంది. 560 ప్రాంతపు శంకు కణాలు 530 ప్రాంతపు వాటికంటే ఎన్ని రెట్లు ఉంటాయన్నది మనిషి మనిషికీ విపరీతంగా మారుతుంది: మంచి రంగు చూపు ఉన్నవారిలోనే కొందరికి దాదాపు సమానంగా, కొందరికి పది రెట్లకు పైగా ఉన్నట్టు కొలిచారు. అయినా ఆకుపచ్చ గానీ నారింజ గానీ కలవని శుద్ధమైన పసుపును చూపమంటే అందరూ 575–580 నానోమీటర్ల ప్రాంతాన్నే ఎంచుకుంటారు. కంటిలోని కణాల లెక్క ఎలా ఉన్నా, చుట్టూ ఉన్న వెలుగును ఆధారంగా చేసుకుని మెదడు తన తూనికను సరిచేసుకుంటుందని దీనివల్ల తెలుస్తోంది.

అదే మెదడు వెలుగును వేరుగా ఊహించుకుంటే రంగే మారిపోతుంది. 2015లో లోకమంతా ఒక గౌను ఫొటో గురించి వాదించుకుంది. అసలు గౌను నీలం, నలుపు. నీడలో తీసిన ఫొటో అని మెదడు అనుకున్నవారికి అది తెలుపు, బంగారు రంగుల్లో కనిపించింది, పసుపు దీపం కింద తీసినదని అనుకున్నవారికి నీలం, నలుపుల్లో కనిపించింది. ఒకే ఇంట్లో, ఒకే ఫోను తెర మీద చూసినవారు కూడా రెండుగా చీలారు. ఆ ఫొటో ఇప్పటికీ దొరుకుతుంది. మీరూ మీ తమ్ముడూ పక్కపక్కన కూర్చుని, ఒకరి మాట ఒకరు వినకుండా, కనిపించిన రంగులను వేర్వేరు కాగితాల మీద రాసి, తర్వాత మార్చుకుని చూడండి. ఇద్దరూ ఏమి రాశారో మాకు కూడా తెలియజేయండి.